ఉదయగిరి వెనుక సూర్యాస్తమయము

తూర్పు సముద్రతీరమునకు విహారార్థము వచ్చువారు సాయంకాలము కాగానే ఇసుకతిన్నెల వైపు నడచుట పరిపాటి. సూర్యబింబము సముద్రమున మునుగు దృశ్యమును చూడవలెనని వారి కోరిక. మలబారు తీరవాసులకు ఆ దృశ్యము మబ్బులేని ప్రతిదినమును లభించును. కన్యాకుమారి మూడువైపుల నీటిచే చుట్టబడినది గనుక అచట ఉదయాస్తమయములు రెండును నీటిమీదనే కనుపడు దినములు కలవు. మన ఆంధ్రతీరమున కా యోగము లేదు. కావలి చేరువను తుమ్మలపెంట తీరమున నిలిచినను, విశాఖపట్టణమున కైలాసగిరి నెక్కినను, సముద్రము తూర్పుననే యుండును. సూర్యుడు మన వెన్నువైపున, నేలమీదనో కొండలవెనుకనో క్రుంకును.

కావున ఈ తీరమున సంధ్యాశోభను కోరువారు మొదట చేయవలసిన పని సముద్రమునకు వీపు త్రిప్పి పడమటికి మరలుట. మరలిన పిదప ఎంతదూరము పోవలెను, ఎంత ఎత్తెక్కవలెను అను ప్రశ్న పుట్టును. మేము నెల్లూరు జిల్లా పడమటి భాగమును ఉదాహరణముగా గైకొని దీనికి సమాధానము చెప్పుదుము.

కావలికి పడమట, సముద్రమునకును వెలిగొండలకును నడుమనున్న మైదానమున జలదంకి యున్నది. అచటినుండి దాదాపు సూటిగా పడమట, సుమారు 60 కిలోమీటర్ల దూరమున ఉదయగిరి. సూర్యుడు ఉదయించు కొండ యని దాని పేరు. కొండకు ఆవలనున్న వారికి ఆ పేరు తగియే యున్నది. జలదంకి రైతునకు మాత్రము అది అస్తాద్రి. ఒకే కొండ ఒకరికి ప్రొద్దు పొడుపు, మరియొకరికి ప్రొద్దు క్రుంకు.

ఉదయగిరి దుర్గము సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తున నున్నది. కొన్ని తావులందు దాదాపు 1,000 అడుగుల నిలువు చరియలు గలవు. గజపతుల అధీనమునందున్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో గెలిచెను. ఇచటి బాలకృష్ణుని విగ్రహమును హంపికి తీసికొనిపోయి 1515లో దేవాలయమున ప్రతిష్ఠించెను. అట్టి దుర్గమును చూడబోయినవారికి, శిఖరమునుండి సూర్యాస్తమయమును కూడ చూడవలెనని తోచుట సహజము.

అయితే ఆ ఎత్తు మనకు ప్రసాదించున దెంత? లెక్క వేసి చూతము. ఎత్తెక్కినకొలది దిగంతరేఖ క్రిందికి జారును గనుక సూర్యుడు కొంచెము ఆలస్యముగా మరుగగును. ఈ కొండ ఎత్తునకు ఆ ఆలస్యము మూడు నాలుగు నిమిషములకు మించదు. పడమట వేరు కొండలు అడ్డుపడినచో ఆ లాభమును తగ్గిపోవును. గంటలకొలది రాళ్ళదారి నెక్కి మనము సంపాదించున దింతే!

నష్టమో, పెద్దది. ఉష్ణదేశములలో సంధ్య త్వరగా ముగియును. ఈ ప్రాంతమున బింబము క్రుంకిన తరువాత దారి స్పష్టముగా కనుపడునంతటి వెలుతురు సుమారు 22 నిమిషములే నిలుచును. శిఖరమున సూర్యాస్తమయము చూచినవారు దిగుదారిలో అధికభాగము చీకటిలో నడువవలెను. ఒకప్రక్క చరియలు, కాలిక్రింద జారు రాళ్ళు, పొదలలో విషజంతువులు. కొండమీద మేకలు కాచువారు బారెడు ప్రొద్దుండగనే మందను క్రిందికి మళ్ళించుట మేము చూచితిమి. వారు దినదినము ఆ దారిని నడచువారు. వారికి లేని ధైర్యము క్రొత్తగా వచ్చిన మనకేల? దుర్గమును ఉదయమున ఎక్కవలెను, మధ్యాహ్నము కాగానే దిగుట ప్రారంభింపవలెను. సాయంకాలమునకు వేరు చోటు వెదకుకొనవలెను.

కొండకు తూర్పున, దాని పాదమునకు దగ్గరగా నిలుచుటయు మేలు కాదు. కొండకొన చూపునకు 15 డిగ్రీల ఎత్తున నున్నచో సూర్యుడు సుమారు ఒక గంట ముందుగనే దాని చాటున దాగును. రంగులు పుట్టకమునుపే చోద్యము ముగియును. దూరము పోయినకొలది కొండ చిన్నదగును. జలదంకి చేరునప్పటికి, ఆ శ్రేణి గాలి తేటగానున్న దినములలో సన్నని నీలిరేఖవలె తోచును. దాని ఎత్తు చూపునకు సుమారు అరడిగ్రీ. సూర్యబింబపు వెడల్పును అంతే.

ఇట్టి మైదానమున మేము ఎన్నుకొను చోటు చెరువుకట్ట. దీనికి కారణము నేల వాలులో నున్నది. ఈ జిల్లాలో భూమి కొండలనుండి సముద్రమునకు, అనగా పడమటినుండి తూర్పునకు వాలియుండును. వాననీటిని నిలుపుటకు మన పూర్వులు పల్లపువైపున, అనగా సామాన్యముగా తూర్పువైపున, కట్ట వేసిరి. అందుచే కట్టమీద నిలిచి పడమరకు చూచువారికి ముందు నీరు, నీటికి ఆవల పొలములు, వానికి ఆవల కొండలు. సముద్రము మనకీయని దృశ్యమును ఊరిచెరువు ఇచ్చుచున్నది. బింబము నింగిలో నొకటి, నీటిలో నొకటి.

ఇదే ఏర్పాటు పెద్ద ప్రమాణమున ఆత్మకూరు ప్రాంతమునందలి సోమశిలలో నున్నది. పెన్నానది వెలిగొండలను చీల్చుకొని మైదానమున ప్రవేశించుచోట కట్టిన ఆ జలాశయము 78 శతకోటి ఘనపుటడుగుల నీటిని పట్టగలదు. ఆనకట్టకు పడమట నీరు, నీటిచుట్టును కొండలు. ఆనకట్టపైకి పోవుటకు అనుమతి కావలసియుండును గనుక ముందుగా విచారించుకొనుట మంచిది.

ఇక కాలమును గూర్చి నాలుగు మాటలు. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతములందు సూర్యుడు సరిగా పడమట క్రుంకును. ఆ దినములలో జలదంకి వారికి ఉదయగిరి దిక్కుననే అస్తమించును. జూను చివర ఉత్తరమునకు 24 డిగ్రీలు, డిసెంబరు చివర దక్షిణమునకు 24 డిగ్రీలు జరుగును. కావున వేసవిలో చూచిన చోటు చలికాలమున చెట్లచాటు కావచ్చును. నవంబరు చివర 5-40 ప్రాంతమున, జూలై మొదట 6-45 ప్రాంతమున అస్తమయము. ఈ జిల్లాకు ముఖ్యమైన వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. అవి వెలిసిన పిదప చెరువులు నిండియుండి, గాలి కడిగినట్లుండు జనవరి, ఫిబ్రవరి మాసములు మిక్కిలి అనుకూలములు.

దిగంతమున నున్న సూర్యుని కాంతి, నడినెత్తిన నున్నప్పటికంటె సుమారు 38 రెట్ల గాలిని దాటి రావలెను. త్రోవలో నీలపుకాంతి చెదరిపోగా ఎరుపు మిగులును. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు దాని సన్నని ధూళి వాయుమండలమున వ్యాపించి, ప్రపంచమంతట సంధ్యలు అసాధారణముగా ఎరుపెక్కెను. బింబము ఎరుపైనను దుర్భిణితో దానిని చూడరాదు, కంటికి ప్రమాదము.

బింబము మరుగైన వెంటనే లేచిపోవువారు సగము దృశ్యమును విడిచినవారు. అప్పుడు తూర్పునకు తిరుగుడు. సముద్రపు దిక్కున, నేలను ఆనుకొని బూడిదనీలపు పట్టె యొకటి పైకి లేచుచుండును. దానిపైన లేతగులాబివన్నె అంచు. ఆ నీలపు పట్టె మబ్బు కాదు. మనము నిలిచియున్న ఈ భూమియొక్క నీడ. రాత్రి యనునది సముద్రమునుండి లేచి వచ్చుట ఈ తీరవాసులు కన్నులార చూడవచ్చును.

ఈ సకలమునకు కావలసినది విశాలమైన పడమర, ఎదుట కొంత నీరు, వెలుతురుండగనే ఇల్లు చేరుదారి. విహారమునకు బయలుదేరు కుటుంబమున కొండ యెక్కలేని అవ్వయు, నడకరాని బిడ్డయు ఉందురు. వారిని క్రింద కూర్చుండబెట్టి తక్కినవారు చూచివచ్చు దృశ్యముకంటె, అందరును ఒక్కచోట నిలిచి చూచు దృశ్యమే మేలైనది. ఆ చోటు మీ యూరి చెరువుకట్ట కావచ్చును.