ఘాటు వేరు, నికోటిన్ వేరు

(మణుగూరులో పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెబుతూ, పింఛను సర్కారు దయతో పెట్టే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. ఆ హక్కు అనుభవించాలంటే ముందు మనిషి బతికి ఉండాలి గదా! అందుకే కాబోలు, కార్యదర్శి గారు ఈసారి నన్ను డి.ఏ. బకాయిల గురించి కాకుండా పొగాకు గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైలు చదివి, నోట్ పెట్టి, పై అధికారికి పంపిన గుమాస్తాను. ఈ విషయం మీద దొరికిన కాగితాలు కూడా అదే పద్ధతిలో చదివాను. నోట్ మీ ముందు పెడుతున్నాను. దాని మీద ఉత్తర్వులు ఇవ్వవలసింది మీ మీ డాక్టర్లు.

పొగాకు మన ప్రాంతానికి కొత్తది కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఈ అడవుల్లో తునికాకు కోత. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లాలకు చేరవేసే ఆదివాసీ కుటుంబాలకు అది ఏడాది ఖర్చుకు ఆసరా. ఆ ఆకే బీడీ అవుతుంది. గోదావరి కిందికి దిగితే లంక భూముల్లో పండే లంక పొగాకు చుట్ట అవుతుంది. ఇక సింగరేణి భూగర్భ గనుల్లోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకెళ్ళరాదన్నది కఠినమైన నిబంధన. పొగ తాగే వీలు లేని చోట దవడన పెట్టుకునే పొగాకు అలవాటైన వాళ్ళు ఎందరో మీకే తెలుసు. కాబట్టి ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరినీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు.

మానాలని గానీ తగ్గించాలని గానీ ప్రయత్నించిన మిత్రులు చాలామంది ఒకే మాట చెబుతారు. "తగ్గించానయ్యా, కానీ గొంతులో ఆ ఘాటు తగలకపోతే తాగినట్టే ఉండదు. మళ్ళీ మొదటికే వచ్చాను" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. దీన్ని కొట్టిపారేయకుండా విచారిస్తే దారి దొరుకుతుంది.

ఒక దమ్ము పీల్చినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మొదటిది, పొగలోని నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి, కొద్ది సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు నుంచి వేరు చేసిన పదార్థం ఇదే. అలవాటును బానిసత్వం చేసేది ఇదే. రక్తంలో చేరిన నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే గంట, రెండు గంటలకోసారి చెయ్యి జేబు వైపు పోతుంది. రెండోది, పొగ గొంతును గీరుతూ పోవడం. గొంతులోని నరాలు ఆ గీరుడును మెదడుకు తెలియజేస్తాయి. ఏళ్ళ తరబడి ఈ రెండూ కలిసే వచ్చాయి గనుక, గొంతు గీరుకుంటే చాలు, మందు అందిందని మెదడు అనుకుంటుంది. నికోటిన్‌కు కూడా కొంత ఘాటు ఉన్నమాట నిజమే గానీ, గొంతుకు తగిలే ఘాటంతా దానిదే కాదు. ఒకే దారంతో కట్టిన రెండు ఫైళ్ళ వంటివి ఇవి. విడదీసి చూసుకోవాలి.

ఘాటును బట్టి నికోటిన్‌ను లెక్కగడితే మోసపోతాం. చుట్ట పొగ క్షార గుణం గలది. ఘాటు ఎక్కువ కాబట్టి చాలామంది ఊపిరి నిండా పీల్చరు. అయినా నోటి లోపలి పొర ద్వారానే నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది. సిగరెట్టు పొగలో ఆమ్ల గుణం ఎక్కువ. గొంతుకు మెత్తగా ఉంటుంది గనుక లోతుగా పీలుస్తారు. చుట్టకు అలవాటు పడినవారు "ఇది తేలిక" అని సిగరెట్టుకు మారి, చుట్ట పీల్చినంత బలంగా దాన్ని పీలిస్తే ఊపిరితిత్తులకు కీడు పెరుగుతుందే గానీ తగ్గదు. బీడీ సంగతి మరొకటి. అందులో పొగాకు తక్కువే. కానీ తునికాకు గాలి చొరనివ్వదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందువల్ల చిన్న బీడీ సైతం సిగరెట్టుకు తీసిపోని నికోటిన్‌ను, తారును, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువును లోపలికి పంపుతుంది.

ఘాటు కోసం మనిషి ఎంత దూరం వెళతాడో తెలుసుకోవాలంటే శ్రీకాకుళం వైపు చూడాలి. అక్కడి పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ ఉండేది. 1971లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి, ఆ అలవాటు అంగిలి మీద ఏం చేస్తుందో నమోదు చేశారు. అంగిలి కాన్సరుకు అడ్డపొగకు ఉన్న సంబంధం ప్రపంచానికి తెలిసింది మన తెలుగు పల్లెల నుంచే.

ఇక "లైట్" సిగరెట్ల మాట. నాతో పనిచేసిన ఒకాయన డాక్టరు హెచ్చరించాక లైట్ సిగరెట్టుకు మారారు. ఫిల్టరు చుట్టూ కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా గాలి కలిసి పొగ పలచబడుతుంది. యంత్రంతో కొలిస్తే నికోటిన్ తక్కువ చూపుతుంది. కానీ మనిషి యంత్రం కాదు. ఆయన వేళ్ళు ఆ రంధ్రాలను మూసేవి, దమ్ము లోతయ్యేది, రోజుకు పెట్టె ఖాళీ కాకముందే రెండోది తెరిచేవారు. ఖర్చు పెరిగింది, దగ్గు తగ్గలేదు. కావలసిన నికోటిన్‌ను శరీరం ఎలాగైనా వసూలు చేసుకుంటుంది.

మరి గొంతు అడిగే ఘాటును నికోటిన్ లేకుండా ఇవ్వవచ్చా? 1994లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. రాత్రంతా సిగరెట్టు లేకుండా ఉన్న 48 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నల్ల మిరియాల నూనె ఆవిరి పీల్చే గొట్టం, రెండో జట్టుకు పుదీనా వాసన గొట్టం, మూడో జట్టుకు ఖాళీ గొట్టం ఇచ్చారు. మిరియాల ఆవిరి పీల్చినవారికి సిగరెట్టు మీద యావ మిగతా ఇద్దరికన్నా తగ్గింది. అందులో నికోటిన్ చుక్క కూడా లేదు. గొంతులో, రొమ్ములో తగిలిన ఘాటే ఆ పని చేసింది. మన వంటింట్లో పోపుల డబ్బా పక్కనే ఉండే మిరియమండీ అది! అయితే ఎవరూ మిరియాల పొడిని ముక్కుతో గానీ నోటితో గానీ పీల్చకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఆ ప్రయోగం చేసింది నిపుణుల పర్యవేక్షణలో.

మనం చేయగలిగింది తేలికైనది. యావ పుట్టినప్పుడు ఒక మిరియం గింజ, లేదా చిన్న అల్లం ముక్క, లేదా ఒక లవంగం, చిటికెడు వాము నోట్లో పెట్టుకుని నెమ్మదిగా చప్పరించడం. పైన కాసిని వేడి నీళ్ళు. యావ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు గడిపితే చాలు. కడుపులో మంట, పుండు ఉన్నవారు కారపు వస్తువులు మితంగా వాడాలి. అతిమధురం రోజూ చప్పరిస్తే రక్తపోటు పెరుగుతుంది, బి.పి. ఉన్నవారు దాని జోలికి పోవద్దు. వక్క, వక్కపొడి అసలే వద్దు. వక్క ఒక్కటే అయినా నోటి కాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ కాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

గొంతు సంగతి అలా చూసుకుంటూ, నికోటిన్‌ను వేరుగా తగ్గించుకోవాలి. దీనికి మందుల షాపుల్లో నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది ఉన్నాయి. ఏది వాడాలో డాక్టరును అడగండి, గుండె జబ్బు ఉన్నవారు తప్పకుండా అడగండి. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలితే వెక్కిళ్ళు, కడుపులో మంట. కొన్నిసార్లు నమిలేసరికి మిరియం కొరికినట్టు చురుకు తగులుతుంది. అప్పుడు నమలడం ఆపి దవడకు, చిగురుకు మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ కొంచెం నమలాలి. అరగంట సరిపోతుంది. గమ్‌కు ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, నిమ్మరసం తాగితే నికోటిన్ సరిగా ఎక్కదు. ఇందులో నికోటిన్ ఉంటుంది గానీ తారు, పొగ ఉండవు. వారాలు గడిచిన కొద్దీ సంఖ్య తగ్గించుకుంటూ పోవాలి.

కొంచెం కొంచెంగా తగ్గించడం మేలా, ఒక తేదీ పెట్టుకుని ఒకేసారి ఆపడం మేలా అన్నది పాత తగాదా. ఇంగ్లండులో 697 మంది మీద జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు వారాల తరువాత చూస్తే, ఒకేసారి ఆపినవారిలో 49 శాతం, క్రమంగా తగ్గించి ఆపినవారిలో 39 శాతం మానేసి ఉన్నారు. తేదీ పెట్టుకోవడమే మెరుగు. అది చేతకానివారు తగ్గిస్తూనే పోవచ్చు గానీ, తగ్గించడం దగ్గరే ఆగిపోరాదు. రోజుకు ఒక్కటే కదా అనుకునేవారికి ఒక లెక్క. రోజుకు ఇరవై తాగేవారికి గుండె జబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవారికి అందులో సుమారు సగం పెరుగుతుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇరవయ్యో వంతు అవుతుందని మనం వేసుకునే లెక్క తప్పన్నమాట.

ఈ మధ్య సభ్యులు అడుగుతున్న మరో ప్రశ్న ఈ-సిగరెట్ల గురించి. హైదరాబాదు నుంచి వచ్చిన మనుమలు "తాతా, ఇది పొగ కాదు, ఆవిరి. నికోటిన్ ఇష్టమొచ్చినంత తగ్గించుకోవచ్చు" అని చెబుతున్నారట. 2003లో చైనాలో ఒక ఫార్మసిస్టు తయారు చేసిన పరికరం ఇది. నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడి చేసి ఆవిరి చేస్తుంది. ఇందులో కూడా గొంతు ఘాటే పెద్ద పేచీ. మామూలు నికోటిన్ అయితే ఎక్కువయ్యే కొద్దీ గొంతు మండుతుంది. అందుకని ఆమ్లం కలిపి లవణంగా మార్చిన నికోటిన్ తెచ్చారు. అది ఎంత ఎక్కువ ఉన్నా గొంతుకు మెత్తగానే దిగుతుంది. మెత్తగా ఉంది కాబట్టి తక్కువ అనుకుంటే పిల్లవాడు నిలువునా మునిగినట్టే. బ్రిటన్ వంటి దేశాల్లో సిగరెట్టు మానడానికి దీన్ని సాధనంగా ఇస్తున్నమాట వాస్తవం. మన దేశంలో మాత్రం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ డిసెంబరులో చట్టం ద్వారా వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నిషేధించారు. అమ్మినవారికి మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. దొంగచాటుగా వచ్చే సరుకులో ఏముందో చూసే నాథుడు లేడు. పైగా ఆ ద్రవం పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం. కాబట్టి మనుమలను కసరకుండా దగ్గర కూర్చోబెట్టుకుని ఈ సంగతులు చెప్పండి. మీ చేతిలో చుట్ట లేకుండా చెబితే ఇంకా బాగా వింటారు.

మరికొన్ని జాగ్రత్తలు. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవారు పొగ మానగానే డాక్టరుకు చెప్పాలి. పొగ ఆగితే ఆ మందు రక్తంలో పెరుగుతుంది, మోతాదు మార్చవలసి రావచ్చు. మొదటి వారం చిరాకు, నిద్రలేమి, మలబద్ధకం ఉంటాయి. రెండు మూడు వారాల్లో నెమ్మదిస్తాయి. ఇంట్లో అమ్మలు ఆ పది రోజులూ ఆయన కోపాన్ని జ్వరంగా భావించి ఓర్చుకోవాలని మనవి. రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, నోట్లో మానని పుండు, తెల్ల మచ్చ ఉంటే మిరియాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. సలహా కోసం 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత ఫోను నంబరు ఉంది. 1800 11 2356. రాసుకోండి.

"డెబ్బై ఏళ్ళొచ్చాక మానితే ఎంత, మానకపోతే ఎంత?" అనేవారికి చివరగా ఒక్క మాట. బ్రిటన్‌లో 34,439 మంది డాక్టర్లను 1951 నుంచి 2001 వరకు యాభై ఏళ్ళు గమనించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. పొగ మానని వారు సగటున పదేళ్ళు ముందే పోయారు. అరవై ఏళ్ళ వయసులో మానినవారు సుమారు మూడేళ్ళ ఆయుష్షు తిరిగి సంపాదించుకున్నారు. మూడేళ్ళంటే ముప్పై ఆరు నెలల పింఛను. ఇంటావిడకు తగ్గిపోయే ఫ్యామిలీ పెన్షన్ కాగితం మూడేళ్ళు ఆలస్యంగా కదలడం. డెబ్బైలో మానితే అంతకన్నా తక్కువ రావచ్చు గానీ సున్నా మాత్రం కాదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం తగ్గడం, అన్నం రుచి తెలియడం, మనుమరాలు ముఖం తిప్పుకోకుండా ఒళ్ళో కూర్చోవడం ఈ లెక్కలోకి రానివి.

గొంతు అడిగితే మిరియం గింజ ఇవ్వండి. ఒళ్ళు అడిగితే డాక్టరు చెప్పిన మోతాదు ఇచ్చి, నెలనెలా కోత పెట్టండి. వచ్చే ఏడు లైఫ్ సర్టిఫికేట్ ఇవ్వడానికి మనమందరం మన కాళ్ళ మీద నడిచి రావాలని కోరుకుంటున్నాను.