బురదలో సైకిలు పందెం
(ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేండ్ల పండుగ నాడు ఎక్కడో ఐరోపా ఖండంలోని బురద పందెం ప్రస్తావన దేనికని సభ్యులకు అనిపించవచ్చు. ఆటల పీరియడులో నాలుగు చినుకులు రాలితే చాలు, పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, తరగతి గదిలో కూర్చోబెట్టడం చాలా పాఠశాలల్లో ఉన్న ఆచారమే. జలుబు చేస్తుందని ఇంటివారి భయం. ఎవరైనా జారిపడితే జవాబు ఎవరు చెప్పుకోవాలని బడివారి భయం. రెండూ తోసిపుచ్చదగినవి కావు. అయితే వాన, బురద లేకుంటే వెలవెలబోయే ఆట ఒకటి లోకంలో ఉన్నది. దాని పేరు సైక్లోక్రాస్.

ఇది శీతకాలపు సైకిలు పందెం. ఫ్రాన్సు దేశంలో తొలి జాతీయ పోటీ 1902లో జరిగింది. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్టావ్ లపీజ్ ఈ బురద పందేలలోనూ ఆరితేరినవాడు కావడంతో దీనికి పేరు వచ్చింది. ప్రపంచ పోటీలు 1950లో పారిస్‌లో ఆరంభమైనాయి. మొదటి విజేత జాన్ రోబిక్. అనగా, వాటికీ డెబ్బై ఐదేండ్లు నిండినవి.

పందెపు బాట రెండున్నర నుండి మూడున్నర కిలోమీటర్ల చుట్టు. పచ్చికబయళ్లు, ఏటవాలు గట్లు, ఇసుక, మెట్లు, నలభై సెంటీమీటర్ల ఎత్తు వరకు అడ్డుపలకలు అందులో ఉంటాయి. ఆ చుట్టును పురుషులు సుమారు గంటసేపు, మహిళలు అంతకు కొంత తక్కువసేపు తిరుగుతారు. తొక్కడానికి వీలులేని చోట దిగి, సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తి, మళ్లీ ఎక్కుతారు. దిగడం తప్పు కాదు, ఓటమి అసలే కాదు. ఎక్కడ దిగాలో తెలియడమే ఈ ఆటలో సగం విద్య.

నల్లరేగడి నేలలో వానాకాలం సైకిలు నడిపినవారికి దీనిని వివరించనక్కరలేదు. మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ దట్టించుకొని చక్రాన్ని కదలనివ్వదు. సైక్లోక్రాస్ సైకిలుకు మడ్‌గార్డు ఉండదు. టైరు వెడల్పు ప్రపంచ పోటీల నియమాల ప్రకారం 33 మిల్లీమీటర్లు దాటకూడదు. బురద ఎక్కువైన కొద్దీ గాలి తగ్గిస్తారు. గాలి గట్టిగా కొట్టించిన సైకిలే బాగా పోతుందనే మన నమ్మకం ఇక్కడ చెల్లదు. మెత్తని టైరు నేలను కరచుకొంటుంది, గట్టి టైరు జారుతుంది. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు పడతాడు. ముందుపోయిన చక్రాల గాడిలో పోవాలా, అంచున మిగిలిన గడ్డి మీద పోవాలా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. మరుసటి చుట్టుకు ఆ గడ్డి కూడా ఉండదు, నిర్ణయం మళ్లీ మార్చుకోవాలి.

చక్రం పూర్తిగా ఆగిన తరువాత దిగితే వేగం పోయినట్లే. అందుచేత ఆగకముందే ఎడమవైపుకు దిగుతారు, ఎందుకంటే గొలుసు కుడివైపున ఉంటుంది. గట్టు ఎక్కవలసినప్పుడు చట్రాన్ని కుడి భుజానికి తగిలించుకొని, ఆ చేతిని కిందుగా పోనిచ్చి హ్యాండిలు పట్టుకొంటారు. ఏడెనిమిది కిలోల సైకిలు బురద పట్టి మరింత బరువెక్కుతుంది. బాటలో ఒకచోట సైకిలు మార్చుకొనే స్థలం ఉంటుంది. పోటీదారు బురద సైకిలును వదలి శుభ్రమైనదాన్ని అందుకొంటాడు. అతడు తిరిగి వచ్చేలోగా సహాయకులు మొదటిదాన్ని నీటిధారతో కడిగి, గొలుసుకు నూనె వేసి సిద్ధం చేయాలి. పిల్లల పోటీలలో ఈ పని చేసేది చాలావరకు తల్లిదండ్రులే. వానలో తడుస్తూ, చేతులు కొంకర్లు పోతున్నా సైకిలు కడిగే తల్లి పేరు ఏ ఫలితాల పట్టికలోనూ కనబడదు.

నెదర్లాండ్స్ దక్షిణ కొసన వాల్కెన్‌బర్గ్ అనే ఊరు ఉన్నది. అక్కడి కొండవాలున 2018 ఫిబ్రవరి 3, 4 తేదీలలో ప్రపంచ పోటీలు జరిగినవి. ఆ ప్రాంతపు నేల గాలులు మోసుకువచ్చి పోసిన మెత్తని మట్టి. తడిస్తే జిగురు. మహారథులు సైతం సైకిలు మోసుకొని గట్టులెక్కవలసి వచ్చింది. ఆ ఏడాది పందేలన్నీ తనవే అన్నంతగా గెలుచుకొంటూ వచ్చిన డచ్ యువకుడు మథ్యూ వాన్ డెర్ పూల్ గెలుపు ఖాయమని అందరూ తలచారు. కాని బెల్జియం దేశస్థుడు వౌట్ వాన్ ఆర్ట్ రెండవ స్థానం పొందినవాని కంటె రెండు నిమిషాలకు పైగా ముందు వచ్చి, వరుసగా మూడవసారి విజేత అయినాడు. వాన్ డెర్ పూల్ మూడవవాడు. కాలి బలం ఒక్కటే లెక్క అయితే ఇలా జరిగేది కాదు. మరుసటి ఏడాది, 2019లో, అతడే తిరిగి జగజ్జేత.

మరొక నియమం కూడా చెప్పుకోదగినది. అగ్రగామికి మరీ వెనుకబడిన వారిని మధ్యలోనే ఆపివేస్తారు. అయితే వారి పేరు కొట్టివేయరు. ఎన్ని చుట్లు వెనుకనో చూపుతూ ఫలితాల పట్టికలో స్థానం ఇస్తారు.

వాల్కెన్‌బర్గ్‌లో ముందురోజు, అదే బురదలో, మహిళల పందెం గెలిచినది బెల్జియంకు చెందిన సానె కాంట్. 2017లోనూ, 2019లోనూ ఆమెదే విజయం. ఇక్కడ కొన్ని సంవత్సరాలు తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. పురుషుల ప్రపంచ పోటీ మొదలైనది 1950లో. మహిళలది 2000లో. యాభై ఏండ్లు! ఆ మొదటి పందెంలో జర్మనీకి చెందిన హంకా కుప్‌ఫర్‌నాగెల్ గెలిచింది. 23 ఏండ్ల లోపు యువతులకు ప్రత్యేక పోటీ 2016లో వచ్చింది. జూనియర్ బాలురకు 1979లోనే ఉన్న ప్రపంచ పోటీ, అదే వయస్సు బాలికలకు 2020లో గాని రాలేదు. నలభై ఒక్క సంవత్సరాల పాటు బాలికలకు కాళ్లు లేవా, ఊళ్లలో వాన కురవలేదా? అడ్డు బురద కాదు. స్విట్జర్లాండులోని డూబెన్‌డార్ఫ్‌లో జరిగిన ఆ తొలి బాలికల పోటీని నెగ్గిన షిరిన్ వాన్ అన్‌రోయ్, 2023లో యువతుల పోటీలోనూ ప్రథమురాలు.

ఇక మన ఆటస్థలం సంగతి. వానాకాలంలో పిల్లలను బయటకు పంపాలంటే మార్చుకోను ఒక జత బట్టలు, తుడుచుకోను తువ్వాలు ఇంటి నుండి రావాలి. కాళ్లు కడుగుకోను కుళాయి, బట్టలు మార్చుకోను ఆడపిల్లలకు తలుపు గల గది బడి చూపాలి. పిడుగుల వేళ మాత్రం ఎవరూ బయట ఉండకూడదు, ఆ విషయంలో రాజీ లేదు. ఈ సభ ముగిసిన పిదప తల్లిదండ్రుల సంఘంవారు వ్యాయామోపాధ్యాయులతో కూర్చొని, ఈ నాలుగింటిలో ఏది ఎవరి బాధ్యతో కాగితం మీద వ్రాసుకొనవలసినదిగా ప్రార్థన.