నూతినీటి ఉప్పును తెలుపు వెండితీగ



నూతినీరు ఉప్పనైనదో కాదో నాలుకతో తేల్చుట మనకు వాడుక. కాని యొకనికి ఉప్పగా దోచిన నీరు వేరొకనికి తియ్యగా దోచును. ఈ వివాదమున మంచినూయి పాడుపడవచ్చును. చెడ్డనీటివలన పొలము చవుడుబాఱవచ్చును. ఇట్టి తగవును రసాయనశాస్త్రము వెండితీగతో దీర్చగలదు.

నూఱు మిల్లీలీటర్ల నూతినీటిలో శుద్ధమైన వెండితీగను ముంచి, తన విలువ మాఱని కాలొమెల్ ఎలక్ట్రోడును పొటాసియం నైట్రేటు వంతెనద్వారా ఆ నీటితో గలిపి, రెంటినడుమ వోల్టుమీటరు నుంచుదురు. పిమ్మట 0.1 మోలారు సిల్వర్ నైట్రేటు ద్రావణమును కొలిచి పోయుదురు. ఉప్పులోని క్లోరైడు వెండితో గూడి తెల్లని యవక్షేపమై అడుగునకు దిగును.

నేను బడిలో ఈ లెక్క చెప్పునపుడు పిల్లలు పోసిన వెండినంతయు లెక్కించెడివారు. తీగకు దెలియునది నీటిలో మిగిలిన వెండి మాత్రమే యని వారికి బోధించుచుంటిని. అవక్షేపమున్నంతవఱకు, 25 డిగ్రీలయొద్ద, మిగిలిన వెండి సాంద్రతను క్లోరైడు సాంద్రతతో గుణించిన 1.8 × 10⁻¹⁰ వచ్చును. కావున క్లోరైడు తఱిగినకొలది వెండి హెచ్చును. ఆ వెండి సాంద్రతయొక్క సంవర్గమానమును 0.0592తో గుణించి, 0.799కు గలిపి, కాలొమెల్ పాలు 0.241 తీసివేసిన ఘటవోల్టేజి లభించును. ఇది జర్మను శాస్త్రజ్ఞుడు నెర్న్‌స్టు 1889లో వెలువరించిన సూత్రమునకు ఫలము.

ఒక నీటికి 10 మిల్లీలీటర్లతో క్లోరైడు ముగియు ననుకొందము. 5 పోసినపుడు 0.119 వోల్టు, 9.9కి 0.220, సరిగా 10కి 0.270, 10.1కి 0.319. మొదట దాదాపు అయిదు మిల్లీలీటర్లకు పెరిగిన పదవవంతు వోల్టు, పిదప నాలుగుబొట్లకే పెరిగినది! ధూమమును జూచి వహ్నిని ఊహించినట్లు, ఈ యెగురుదలను జూచి క్లోరైడు ముగిసెనని నిశ్చయింతుము. రంగు మాఱుటను బట్టి తెలిసికొను పద్ధతియు గలదు గాని, బురదనీటిలో రంగు కానరాదు. తీగకు ఆ చిక్కు లేదు.

ఈ నీటిలో లీటరుకు 355 మిల్లీగ్రాముల క్లోరైడున్నదని తేలును. త్రాగునీటికి భారతీయ ప్రమాణము 250. వేఱు నీరు దొరకనిచోట 1000 వఱకు సమ్మతము. కనుక దగ్గఱ మేలైన నూయి యున్న దానిని గైకొనుడు. లేనిచో, ఉప్పు నెపమున దీనిని పూడ్చివేయకుడు.

నూతిని విడనాడుటకు ముందు నీటిని పరీక్షకు బంపుడు. నాలుకల వాదము అంతటితో సమసిపోవును.