పాలడిన్ వేషం

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని, కథ చెప్పుకుంటూ, పాచికలు వేస్తూ ఆడే ఆట. మరుసటి ఏడాది ‘గ్రేహాక్’ అనుబంధంతో అందులోకి పాలడిన్ వచ్చాడు. దైవశక్తి తోడున్న ధర్మయోధుడు.

ఆ వేషం దక్కడమే గగనం. ఆకర్షణ శక్తికి మూడు పాచికలు వేస్తే కనీసం 17 పడాలి. 216 పందాల్లో నాలుగింటికే ఆ యోగం. 1978 నాటి నియమాలైతే మరీ కఠినం. ఆదాయంలో పదోవంతు ధర్మసంస్థకు ఇవ్వాలి, మాయావస్తువులు పదికి మించి ఉంచుకోకూడదు. తెలిసి ఒక్క దుష్కార్యం చేశాడా, ఆ హోదా శాశ్వతంగా పోయినట్టే!

చిక్కంతా ఇక్కడే. లొంగిపోయిన శత్రువును చంపేద్దామని తోటివాళ్లంటే పాలడిన్ ఏం చేయాలి? అడ్డుపడాలి. కానీ పూటపూటకూ నీతులు చెబుతూ కూర్చుంటే ఆట సాగదు, స్నేహితులూ విసిగిపోతారు. మంచి ఆటగాడు బందీకి తానే పూచీ పడతాడు, కాపలా తానే కాస్తాడు. మిత్రులను మాత్రం శాసించడు. ఆ పాత్రకు అందం అక్కడే వస్తుంది.

2014 నాటి అయిదో కూర్పులో పాత కట్టడి లేదు, ప్రమాణాలున్నాయి. భక్తి ప్రమాణం చేసినవాడు అబద్ధమాడకూడదు. ప్రతీకార ప్రమాణం చేసినవాడికి ఘోరపాపిని శిక్షించడమే మొదటి పని.