ఒకే విమానం, ఒకే రాత్రి
(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వలస వెళ్ళే స్త్రీల హక్కుల గురించి మాట్లాడమన్నారు. మనం ఎప్పుడూ ఏజెంట్లు చేసే మోసం గురించి, యజమానుల ఇళ్ళలో జరిగే హింస గురించి మాట్లాడుకుంటాం. అది అవసరమే. కానీ ఆ రెండింటి మధ్య ఒక ప్రయాణం ఉంది. దాన్ని నేను కూడా ఎన్నడూ పట్టించుకోలేదు, ఒక రాత్రి అందులో ఇరుక్కునేదాకా.

2019లో యూరప్‌లో ఒక సదస్సు ముగించుకుని వస్తూ గల్ఫ్‌లోని ఒక నగరంలో విమానం మారాను. హైదరాబాదు వచ్చే విమానం అది. నా చుట్టూ వరుసల్లో ఉన్నవాళ్ళు ఎక్కువమంది అక్కడి ఇళ్ళలో పనిచేసి వస్తున్న మన స్త్రీలే. రాజంపేట, రాయచోటి వైపు వాళ్ళు, గోదావరి జిల్లాల వాళ్ళు. రాత్రి పదకొండు గంటలకు తలుపులు మూశారు. విమానం కదల్లేదు. గంట తర్వాత సాంకేతిక లోపమని ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ చెప్పారు. విమానం నేలమీద ఉన్నప్పుడు చల్లగాలి తోకలో ఉండే చిన్న ఇంజను నుంచో, బయట తగిలించే యంత్రం నుంచో రావాలి. ఆ రాత్రి రెండూ సరిగా అందలేదు. పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. "మేడమ్, ఏం చెప్తాండారు వాళ్ళు?" అని పక్క సీటావిడ అడిగింది. హైడ్రాలిక్ వ్యవస్థలో ఎక్కడో కారుతోందట అన్నాను. ఆ మాట తెలుగులో నాలుగైదు వరుసలు వెనక్కి పాకింది. తెలుగువాళ్ళతో నిండిన విమానంలో తెలుగు ప్రకటన అదొక్కటే.

లోపమున్న విమానాన్ని ఆపినందుకు నాకు ఫిర్యాదు లేదు. ఆపడమే సరైన పని. నేను చెప్పదలుచుకున్నది కిందికి దింపిన తర్వాత జరిగిన దాని గురించి.

కౌంటరు దగ్గర హోటలు కూపన్లు ఇచ్చారు. అయితే హోటలు బయట ఊళ్ళో ఉంది. అంటే ఇమిగ్రేషన్ దాటాలి. పని ముగించుకుని శాశ్వతంగా వచ్చేస్తున్నవాళ్ళకి నివాస అనుమతి రద్దయిపోయింది, పాస్‌పోర్టులో నిష్క్రమణ ముద్ర పడింది. చట్టం దృష్టిలో వాళ్ళు అప్పటికే ఆ దేశంలో లేరు. సెలవు మీద వస్తున్నవాళ్ళకి అనుమతి ఉంది గానీ, మీ యజమానికి ఫోను చేయండి, వచ్చి తీసుకెళ్తాడు అన్నారు. నా పక్క సీటావిడ ఫోను బయటికి తీయనేలేదు. "ఆ ఇంటికి మళ్ళీ పోయేదానికంటే ఈ బండల మీద పండుకునేదే మేలు మేడమ్" అంది.

నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. నాకు ఇంగ్లీషు వచ్చు, నా మెడలో సదస్సు బ్యాడ్జీ ఇంకా వేలాడుతూనే ఉంది. నాకు తాత్కాలిక వీసా ఏర్పాటు చేశారు. కూపను తీసుకుని వెళ్ళి స్నానం చేసి పడుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి వాళ్ళు గోడవారన చున్నీలు పరుచుకుని కూర్చుని ఉన్నారు. ఒక బన్ను, ఒక నీళ్ళ సీసా ఇచ్చారట. ఒకామెకు నెలసరి వచ్చింది, గుడ్డలన్నీ విమానం కడుపులోని పెట్టెలో ఉండిపోయాయి. "మూడేండ్లకు నెల దినాలు సెలవిచ్చినారు. దాంట్లో ఒగ దినం ఈడే పాయె" అంది పక్క సీటావిడ. మధ్యాహ్నానికి గానీ వేరే విమానం రాలేదు.

ఇంటికొచ్చాక యూరప్‌లోని ఒక స్నేహితురాలు చెబితే దరఖాస్తు పెట్టాను. యూరోపియన్ యూనియన్‌కు 2004లో చేసిన 261వ నంబరు నిబంధన ఉంది. 2008లో వియన్నా నుంచి ఇటలీ వెళ్ళాల్సిన ఒక స్త్రీ వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం, మామూలు యంత్ర లోపాన్ని 'అసాధారణ పరిస్థితి' అని చెప్పి విమాన కంపెనీ తప్పించుకోలేదంది. 2009లో, మూడు గంటలు దాటిన ఆలస్యానికీ పరిహారం ఉంటుందంది. 2018లో, ఒకే టికెట్టు మీద యూరప్‌లో మొదలైన ప్రయాణమైతే మధ్యలో మారిన విమానానికీ అది వర్తిస్తుందని చెప్పింది. మూడు నెలలకు నాకు 600 యూరోలు వచ్చాయి. తీసుకున్నాను, దాచను. అదే విమానం, అదే లోపం, అదే రాత్రి. నేలమీద పడుకున్న ఆవిడకు ఆ నిబంధన కింద పైసా రాదు, ఎందుకంటే ఆవిడ ప్రయాణం మొదలైంది గల్ఫ్‌లో.

అలాగని ఆమెకు ఏ హక్కూ లేదనుకోకండి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. గల్ఫ్ దేశాలు అందులో ఉన్నాయి, మన దేశం 2009లో చేరింది. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి విమాన కంపెనీ బాధ్యత వహించాలి. నివారించడానికి చేయగలిగినదంతా చేశామని కంపెనీయే రుజువు చేసుకోవాలి. నష్టం ఎంతో మాత్రం మనం చూపించాలి. అక్కడే మనవాళ్ళు ఓడిపోతారు. బోర్డింగ్ పాసు పారేస్తారు, ఆలస్యమైందని కాగితం అడగరు, కూలీ పోయిందనడానికి ఆధారం ఉండదు. రెండేళ్ళలోపు కేసు వేయాలి. ఆవిడకు ఆ గడువు దాటిపోయింది.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టంతో ఒక మంచి మార్పు వచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము లేదు. టికెట్టు యజమాని కొన్నాడు కదా అని సందేహపడకండి. డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందినవారూ వినియోగదారులే. చదువుకున్నవాళ్ళు తమ టికెట్ల కోసం ఈ చట్టాన్ని వాడుకుంటూనే ఉన్నారు. మన సంఘాల దగ్గరికి గల్ఫ్ బాధితులు ఇంతమంది వస్తారు, ఇలాంటి ఫిర్యాదు ఒక్కటైనా మనం రాయించామా? నేనైతే రాయించలేదు.

ఈ సంగతులన్నీ ఆ మధ్య ఒక ఊళ్ళో చెబుతుంటే, మళ్ళీ వెళ్ళడానికి సిద్ధమవుతున్న ఒకావిడ అడిగింది: "కేసేస్తే మా సేటు మళ్ళా రానిస్తాడా మేడమ్?" టికెట్టు కొన్నది సేటు, కేసు విమానం మీద. అయినా ఆ భయం ఉత్తది కాదు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సంఘం తోడుగా ఉండి కేసు నడిపితే, నోటీసులు సంఘం చిరునామాకే వస్తే ఎలా ఉంటుందో న్యాయవాద మిత్రులు ఈరోజు చెప్పాలి.

టీ తర్వాత రెండు పనులు చేద్దాం. విమానం ఆగితే కౌంటరు దగ్గర చూపించడానికి, ఆలస్యానికి కారణమూ గంటలూ రాసివ్వమని ఇంగ్లీషు, అరబిక్, తెలుగు మూడు భాషల్లో ఒక చీటీ తయారుచేద్దాం, పాస్‌పోర్టులో మడిచి పెట్టుకునేంత చిన్నది. మీలో గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర రెండేళ్ళు దాటని బోర్డింగ్ పాసులుంటే బయటికి తీయండి. ఒక ఫిర్యాదు ఇక్కడే కూర్చుని రాద్దాం.