శిక్ష వేసేది కోర్టా, జైలరా?

ముందు మాట్లాడిన వకీలు సార్లు సెక్షన్లన్నీ విడమర్చి చెప్పారు. మేం పత్రికల్లో రాసుకునేవాళ్లం, ఉద్యమంలో లాఠీలు తిన్నవాళ్లం. మేం చెప్పేది చిన్న వస్తువుల గురించి. ఒక సిప్పర్ గ్లాసు, ఒక కళ్లజోడు, ఒక నీళ్ల సీసా.

ఫాదర్ స్టాన్ స్వామిని 2020 అక్టోబర్ 8న రాంచీలో అరెస్టు చేశారు. అప్పటికి 83 ఏళ్లు. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణుకుతాయి, గ్లాసు ఎత్తితే నీళ్లు ఒంటి మీద పడతాయి. స్ట్రా, సిప్పర్ ఇప్పించమని నవంబర్‌లో కోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. జవాబు చెప్పడానికి ఎన్ఐఏ 20 రోజుల గడువు అడిగింది. ఇరవై రోజులు! ఎవరి దగ్గరా కబ్జా చేసిన భూమి కాదు కదా, ప్లాస్టిక్ గొట్టం. అప్పుడు దేశంలో ఎవరెవరో, ముఖం తెలియనివాళ్లు, సిప్పర్లు కొని తలోజా జైలుకు, ఎన్ఐఏ ఆఫీసుకు పార్సిళ్లు పంపారు. అంతకుమించిన నిరసన మేం ఈ మధ్య చూడలేదు. ఒక్క నినాదం లేదు, కానీ సర్కారు తల ఎత్తుకోలేకపోయింది. నెలాఖరుకు సిప్పర్ ఆయన చేతికి వచ్చింది.

బెయిల్ మాత్రం రాలేదు. 2021 మేలో హైకోర్టు జడ్జీల ముందు వీడియోలో మాట్లాడుతూ, జైలుకు వచ్చినప్పుడు తన పని తాను చేసుకునేవాడినని, ఇప్పుడు అన్నం కూడా ఎవరో తినిపించాలని చెప్పాడు. జూలై 5న, బెయిల్ పిటిషన్ విచారణలో ఉండగానే, ఆస్పత్రిలో ప్రాణం పోయింది. అదే తలోజాలో గౌతమ్ నవలఖా కళ్లజోడు పోతే, ఇంటివాళ్లు పంపిన కొత్త జోడును జైలువాళ్లు తీసుకోలేదు. ముందు మానవత్వం ఉండాలని బాంబే హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మన వరంగల్ మనిషి వరవరరావు సంగతి మీకు తెలుసు. 2020 జూలైలో జైలు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మాట పొంతన లేదు. ఎప్పుడో పోయిన తల్లిదండ్రుల అంత్యక్రియల గురించి మాట్లాడాడట. ఆ ఇంటి ఆడవాళ్లు ఆ గోస మనసులో దాచుకోలేదు, పత్రికల ముందు పెట్టారు. లొల్లి అయింది. అప్పుడు గానీ ఆస్పత్రికి తీసుకుపోలేదు, కరోనా ఉన్నట్టు తేలలేదు. 2021 ఫిబ్రవరి 22న ఆరోగ్య కారణాలతో బెయిల్ వచ్చింది. ఆ రోజు ఇంటివాళ్లు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఇక సాయిబాబా. అమలాపురంలో పుట్టి, ఢిల్లీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మనిషి. ఐదేళ్లప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీ లేనిదే కదలలేడు. నాగపూర్ జైలులో అండా సెల్‌లో పెట్టారు. గుడ్డు ఆకారంలో కట్టిన గట్టి కాపలా గది అది. నడవలేని మనిషి గోడ దూకుతాడా? 2022 మేలో, స్నానం చేసే చోటు కూడా కనబడేలా ఎదురుగా కెమెరా పెడితే నిరాహార దీక్షకు దిగాడు. నీళ్ల సీసా కోసం కూడా ఆ దీక్షలోనే అడగాల్సి వచ్చింది. 2020 ఆగస్టులో తల్లి పోతే కడసారి చూపుకు వదలలేదు. ఆయన కేసులోనే శిక్ష పడ్డ గడ్చిరోలి ఆదివాసీ యువకుడు పాండు నరోటే 2022 ఆగస్టులో జ్వరంతో జైలు కస్టడీలోనే చనిపోయాడు. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబర్ 14న, హైకోర్టు కేసు కొట్టేసింది. మర్నాడు శనివారం, సెలవు రోజు. సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపింది. మళ్లీ వాదనలు జరిగి 2024 మార్చి 5న హైకోర్టు రెండోసారి నిర్దోషి అన్నది. అదే ఏడు అక్టోబర్ 12న మన నిమ్స్‌లో ఆయన కన్నుమూశాడు. కళ్లు దానం చేశారు, దేహం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

ఇదంతా చట్టం ఒప్పుకున్నదేనా? ఒంటరి నిర్బంధం విధించే అధికారం కోర్టుకే ఉంది. పాత శిక్షాస్మృతి ప్రకారం అది మొత్తం మూడు నెలలు దాటకూడదు, ఒక్క విడతలో 14 రోజులు మించకూడదు. 2024లో వచ్చిన కొత్త న్యాయ సంహిత కూడా ఈ పరిమితి ఉంచింది. జైలు గేటు దాటినంత మాత్రాన ఖైదీకి రాజ్యాంగం లేకుండా పోదని 1978లోనే సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీహార్‌లో ఉరిశిక్ష పడ్డ ఖైదీ బాత్రా. పక్క ఖైదీని వార్డరు హింసిస్తున్నాడని జడ్జికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. కాగితానికి అంత బలం ఉంది. జైలువాళ్లు దాన్నే 'భద్రత' అనే ఒక్క మాటతో మాయం చేస్తారు.

కొందరు మిత్రులు అడుగుతారు: రాజకీయ ఖైదీలకే ఎందుకింత తండ్లాట, మామూలు ఖైదీలు మనుషులు కారా అని. న్యాయమైన ప్రశ్నే. 2022 చివరి లెక్కల్లో దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నేరం రుజువు కానివాళ్లు! వాళ్ల పేరు ఏ పేపర్లోనూ రాదు. రాజకీయ ఖైదీ కోసం గెలిచిన దోమతెర, డాక్టరు, ములాఖత్ ఆ పక్క బరాకుకు కూడా అందాలి. లేకపోతే మన పోరాటం సగమే. 2024 అక్టోబర్ 3న, జైళ్లలో కులం చూసి ఊడ్చే పని, వంట పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసింది మా వృత్తిలోని మహిళ, సుకన్య శాంత. జైలు మాన్యువల్స్ చదివి, ఊరికే చదివి ఊరుకోకుండా, వార్త రాసి కోర్టుకు పోయింది. మా పత్రికలవాళ్లం ఈ తీర్పు కాపీ జేబులో పెట్టుకుని జిల్లా జైలు సూపరింటెండెంట్లను కలవాలి.

జైలు మనకు కొత్త కాదు. నిజాం కాలంలో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాద్ జైల్లో ఉన్నారు. 1975 డిసెంబర్ 1న ఆదిలాబాద్ రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ ఉరి ఆపాలని ఊరూరా సంతకాలు పెట్టినవాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్లను అడగండి.

బయట బల్ల మీద పోస్టుకార్డులు పెట్టాం. నినాదాలు రాయొద్దు, సెన్సార్ దగ్గరే ఆగిపోతాయి. ఆరోగ్యం ఎట్లుంది, మందులు అందుతున్నాయా, ములాఖత్ ఇస్తున్నారా అని రాయండి. జైలు సూపరింటెండెంట్‌కు పెట్టే అర్జీ మాత్రం స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. జవాబు రాకపోతే ఆ రసీదు జిరాక్స్ మాకివ్వండి, పేపర్లో వేస్తాం.