కనబడని కోతుల లెక్క



1957వ సంవత్సరపు తొలి మాసములలో, నాటి మైసూరు రాష్ట్రమున శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవియందు కోతులు విరివిగా చచ్చిపడినవి. అదే కాలమున ఆ అడవిప్రక్క గ్రామములవారికి తీవ్రజ్వరము, తలనొప్పి, కండరముల బాధ, కొందఱికి రక్తస్రావము కలిగినవి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు పరీక్షించి, ఇది అంతకుముందు తెలియని వైరస్ అనియు, పిడుదులు కుట్టుటవలన సంక్రమించుననియు తేల్చిరి. కన్నడిగులు దీనిని 'మంగన కాయిలె' యందురు, అనగా కోతిజబ్బు. ఆ పేరు కోతికి కొంత అన్యాయమే. అదియు మనవలెనే పిడుదుకాటుకు బలియగుచున్నది. అయితే కోతి చచ్చినపుడు దానినంటియున్న పిడుదులు నేలకు రాలి, ఆ తావు ప్రమాదస్థలమగును. కావుననే చచ్చిన కోతి మొదటి హెచ్చరిక.

ఈ వ్యాధి చిరకాలము శివమొగ్గ ప్రాంతముననే యుండెను. 2012 మొదలుకొని చామరాజనగరము, నీలగిరి, వయనాడు, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గము మున్నగు తావులలో కనబడినది. మనలో పెక్కుమంది నివసించు రాష్ట్రములే యివి.

ఇపుడు లెక్కకు వత్తము. 'నిరుడు మా యడవిలో ముప్పది కోతులు చచ్చినవి, ఈయేడు పదియే; జబ్బు తగ్గినది' అని యొకరనిరనుకొనుడు. నిజముగా తగ్గెనా? ఈయేడు అడవికి పోయినవారే తక్కువ యేమో! లేక నిరుడే పెక్కు కోతులు నశించి, చచ్చుటకు మిగిలినవి కొలదియేమో! జనాభా గుమాస్తా వచ్చిననాడు ఇంటికి తాళమున్నచో, ఆ యింట మనుష్యులే లేరని వ్రాయుట తగునా?

కనబడనివానిని అంచనాకట్టు మార్గమును డెన్మార్కు దేశీయుడగు పీటర్సన్ 1896లో చేపలవిషయమునను, అమెరికాలో లింకన్ 1930లో బాతులవిషయమునను చూపిరి. ఈ వైరస్ అడవి ఎలుకలయందును, చుంచులయందును గూడ కనబడినది గనుక ఎలుకలనే తీసికొందము. నలువది ఎలుకలను పట్టి, గుర్తుపెట్టి విడిచితిమి. కొన్నిదినములకు మరల ఏబదింటిని పట్టగా, పదింటికి గుర్తున్నది. అనగా అయిదింట ఒకటి. కావున నలువది మొత్తములో అయిదవవంతు, మొత్తము ఇన్నూరు. లెక్క సులభమే; ఎలుక సులభము కాదు. ఒకసారి చిక్కినది బోనును చూచి జంకినచో గుర్తున్నవి తక్కువగా దొరకి అంచనా మితిమీరును. బోనులోని తిండికాశపడి మరలమరల వచ్చినచో అంచనా తగ్గిపోవును. శాస్త్రజ్ఞుల శ్రమయంతయు ఈ గుణములను గూడ లెక్కలో చేర్చుటయందే యున్నది.

కోతిశవముల విషయమున వేఱొక చిక్కు. అడవిలో శవములున్నను, ఒకసారి తిరిగిన మనిషికి అవి కనబడు అవకాశము పదింట మూడే యనుకొందము. అట్లు మూడుసార్లు తిరిగినను ఒక్కటియు కనబడకపోవు అవకాశము నూటికి ముప్పదినాలుగు. మూడుమార్లు వట్టిచేతులతో వచ్చినంతమాత్రమున అడవి క్షేమమనరాదు. అయినను ఆ వట్టి తిరుగుడు వ్యర్థము కాదు. దానిని వ్రాసియుంచినపుడే కనబడు అవకాశమెంతయో తేలును. మన కాగితములలో ఉండనిది సరిగా అదియే. శవము దొరికిననాడు అందఱును వ్రాయుదురు; దొరకనినాడు ఎవ్వరును వ్రాయరు.

2020లో ప్రచురింపబడిన యొక పరిశోధన, సతతహరితారణ్యమును తోటలును కలగలిసి, నాటుపశువులు మెండుగానున్న తావులలో ఈ వ్యాధిభయము హెచ్చని చూపినది. పశువు రక్తముపై పెరిగిన పిడుదులు సంతతిని వృద్ధిచేయును. పోకతోటల అంచున కాపురమున్నవారును, ఆకులకై, కట్టెలకై అడవికి పోవువారును ఈ సంగతి గమనింతురుగాక.

కావున అట్టి తావులలోనున్న మన కుటుంబములవారికి నా మనవి యిది. డిసెంబరు మొదలు మే వఱకు అడవికి పోయిన ప్రతిదినమును, పోయిన తేదీ, నడచిన దారి, ఎన్ని గంటలు తిరిగినది ఒక పుస్తకమున వ్రాయుడు. కోతి కనబడనిచో 'లేదు' అని వ్రాయుడు. చచ్చిన కోతి కనబడినచో ముట్టక, దగ్గఱకు పోక, ఆ తావు గుర్తుపెట్టుకొని, నాడే ఆరోగ్యశాఖవారికో అటవీశాఖవారికో తెలుపుడు.